గంటకు మొఖం ఉండదు

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. కరీంనగర్‌లో డాక్టరమ్మ నాకు ఆటిజం ఉందని చెప్పిన రోజు, తిరుగు బస్సులో అమ్మ సుల్తానాబాద్ దాటేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నేనూ ఏడుస్తున్నాననుకుని అమ్మ నా వీపు నిమిరింది. నేను నవ్వుకుంటున్నాను. ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. పొగరు, సిగ్గు, మొండి, మూగి అని చిన్నప్పటి నుంచి నాకు తగిలించిన పేర్లన్నీ ఆ బస్సులో ఒక్కొక్కటే రాలిపోయాయి. అంతకంటే ఎక్కువ నవ్వు తెప్పించింది మరొకటి. నాతోపాటు ఇంకో మనిషి పేర్లు కూడా రాలిపోతున్నాయి. ఆ సంగతి ఆయనకింకా తెలియదు.

ఆయన మా పక్క క్వార్టర్ కాక. పోయిన నెల చనిపోయాడు.

పెద్దకర్మ నాడు వాకిట్లో టెంటు కింద భోజనాలు పెట్టారు. నేను నీళ్ల జగ్గు పట్టుకుని తిరిగాను. జగ్గు చేతిలో ఉంటే ఎవరితోనూ మాట్లాడే పనుండదు. అందరూ ఆయన గురించే మాట్లాడుకున్నారు. మనిషి మంచోడే, కాని జర తిక్క అన్నారు. పాపం అన్నారు. మెంటల్ అయినా డ్యూటీకి ఒక్కనాడు నాగా పెట్టలేదని ఒక పెద్దమనిషి మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు విని జగ్గు కింద పెట్టేసి ఇంటికొచ్చాను. రోజూ డైరీ రాసే అలవాటు నాకు. ఆ రోజు రాయబోతే అది ఆ రోజు సంగతిగా మిగలలేదు. పేజీలోకి ఆయన వచ్చి కూర్చున్నాడు.

కాక హాలర్ నడిపేవాడు. గని మొగదల ఒక గదిలో పెద్ద యంత్రం ఉంటుంది. దాని ఇనుపతాడు బొగ్గు టబ్బులను లోపలి నుంచి పైకి లాగుతుంది. లోపలివాళ్లు తీగ లాగితే ఈ గదిలో గంట మోగుతుంది. ఒక్కసారి మోగితే ఆపాలి. మిగతా వాటికి వేరే లెక్కలున్నాయి. గంట విని, లివర్ పట్టుకుని, తాడు వైపు చూస్తూ ఆయన ఉద్యోగమంతా గడిపాడు. తోటివాళ్లకు ఆ గది జైలులా ఉండేదట. పలకరించే దిక్కుండదు, కబుర్లుండవు. కాకకు అదే సుఖం. ఆ పని ఎందుకంత ఇష్టమని చిన్నప్పుడు అడిగితే నా వైపు చూడకుండానే చెప్పాడు:

"గంటకు మొఖం ఉండది బిడ్డా."

అప్పుడు నాకేమీ అర్థం కాలేదని రాయాలి గాని, అబద్ధమవుతుంది. నాకు అప్పుడే అర్థమైంది. మనుషులు నోటితో ఒకటి చెప్పి మొఖంతో ఇంకొకటి చెప్తారు. రెండూ ఒకేసారి చదవాలంటే నాకు తల దిమ్మెక్కుతుంది. గంట ఒక్కటే చెప్తుంది.

ఆయన అంగీల గురించి కాలనీలో తెలియనివాళ్లు లేరు. కుట్టు లోపలివైపు ఉంటే ఒంటికి గుచ్చుకుంటుందని, ఇంట్లో ఉన్నంతసేపూ అంగి తిరగేసి తొడుక్కునేవాడు. జేబులు లోపల, కుట్లు బయట. కొన్నాళ్లకు దర్జీని ఒప్పించి కుట్లు బయటికే వచ్చేలా కుట్టించుకున్నాడు. దర్జీ తన పేరు మాత్రం ఎవరికీ చెప్పొద్దని దండం పెట్టాడట. "ఉల్టా అంగి వస్తుండు" అని పిల్లలు అరిచేవాళ్లు. కాక నిలబడి, అంగి ఉల్టా కాదని, ఇదే దీని సీదా అని ఓపిగ్గా వివరించేవాడు. వాళ్లు ఇంకా నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో ఆయన కనుక్కునే ప్రయత్నం చేసేవాడు కాదు. నేను కొత్త డ్రెస్సు కొనగానే మెడ దగ్గరి లేబుల్ బ్లేడుతో కోసేసుకునేదాన్ని. అమ్మ తిట్టేది. కాకను చూసినప్పుడల్లా, నాకంటే ధైర్యవంతుడు అనిపించేది.

పలకరింపులు ఆయనకు పడేవి కావు. మా దగ్గర ఎదురుపడ్డ మనిషిని "తిన్నవా?" అని అడగడం మర్యాద, జవాబు ఎవరికీ అక్కర్లేదు. కాక నిజంగా జవాబు చెప్పేవాడు. ఇంకా తినలేదని, ఎందుకు తినలేదో, ఎప్పుడు తింటాడో, కూర ఏమిటో చెప్పేవాడు. అడిగినవాడు సైకిల్ మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి ఇరుక్కుపోయేవాడు. ఎటు పోతున్నవంటే దారంతా చెప్పేవాడు. తను మాత్రం ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. దాన్నే జనం పొగరన్నారు. నన్నూ అదే అన్నారు.

ఆయన భార్యను నేను చిన్నమ్మ అని పిలుస్తాను. పప్పు తగిలిన అన్నంలో పులుసు పోయనివ్వడని, పెళ్లిళ్లకు తీసుకుపోతే బ్యాండు మొదలవగానే బస్టాండులో తేలతాడని ఆమె వంద ఫిర్యాదులు చెప్పేది. కాని ఎవరైనా ఆయన్ని ఏమన్నా అంటే మాత్రం ఒకే మాట అనేది: "మా ఆయన గట్లనే." దాని తర్వాత ఇంకేం వివరం ఇచ్చేది కాదు. వాన గట్లనే, ఎండ గట్లనే అన్నట్టు ఉండేది ఆ మాట. ఇప్పుడు ఇన్ని పేర్లు తెలిశాక కూడా, నాకు ఎవరైనా ఒక పేరు పెట్టాలనుకుంటే ఆ గొంతుతో పెట్టాలనిపిస్తుంది.

మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ ఉంటుంది. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత ఇల్లు ఊగుతుంది, గిన్నెలు చప్పుడు చేస్తాయి, సున్నం రాలుతుంది. ఇక్కడివాళ్లకు అది లెక్కలోది కాదు. టీ గ్లాసు మీద చెయ్యి పెట్టి మళ్లీ మాట్లాడుకుంటారు. నాకు పేలుడు కంటే సైరన్‌కూ పేలుడుకూ మధ్య ఉండే ఆ కాసేపే భయం. ఒళ్లంతా చెవులైనట్టుంటుంది. బడికి సెలవున్న రోజుల్లో వంటింటి మూల ఆ గోడకు వీపు ఆనించి, మోకాళ్ల మధ్య తల దాచుకునేదాన్ని. ఒక రోజు గోడ అవతలి నుంచి సన్నగా ఒక మూలుగు వినిపించింది. మూలుగు కాదు, ఒకే స్వరం, మోటారు నడిచినట్టు ఆగకుండా. కాక హాలర్ చప్పుడు నోటితో చేస్తున్నాడు. ఆ ధ్వని గోడలోంచి నా వీపులోకి వచ్చింది. పేలుడు వచ్చి పోయింది, నేను బతికే ఉన్నాను. ఆ తర్వాత ఆయనకు ఇంట్లో ఉండే షిఫ్టు పడిన రోజుల్లో నాకు భయం సగమే ఉండేది. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆయన్ని తలుచుకుంటే కాలనీ మొత్తం మొదట చెప్పేది మాత్రం మెడికల్ బోర్డు కథ. బయటివాళ్ల కోసం కాస్త చెప్పాలి. మిగతా లోకంలో అన్‌ఫిట్ అంటే ఏడుపు. మా బొగ్గు ఊళ్లలో లడ్డూలు పంచుతారు. గనిలో పనిచేసి పనిచేసి ఒళ్లు చెడ్డ మనిషిని కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే, ఆ ఉద్యోగం బిడ్డకో కొడుక్కో వస్తుంది. తండ్రి అన్‌ఫిట్ కావాలి, పిల్లలు ఫిట్ కావాలి. ఇంట్లో దేవుడికి రెండు మొక్కులూ ఒకేసారి మొక్కుతారు.

నేను బడికి పోయే రోజుల్లో కాకను కూడా బోర్డుకు పంపాలని ఇంట్లోవాళ్లు తీర్మానించారు. ఆయన మోకాళ్లు బాగున్నాయి, ఊపిరితిత్తులు బాగున్నాయి. మందమర్రి నుంచి వచ్చిన చిన్నమ్మ తమ్ముడికి ఉపాయం తట్టింది.

"ఊరంత నిన్ను తిక్కోడే అంటున్నది గదా బావా. ఇన్నొద్దులు గా మాట ఉత్తగనే పడ్డవు. ఒక్కపాలి పనికొస్తె ఏంబోయింది?"

తర్ఫీదు మొదలైంది. డాక్టరు మొఖం చూడొద్దు. అడిగినదానికి జవాబు చెప్పొద్దు. ఒకే మాట మళ్లీ మళ్లీ అనాలి. చిన్నమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ పొట్ట పట్టుకునేది. "గది మా ఆయన రోజు చేసేదే గదనే. దానికి మళ్ల ట్రైనింగా?" అనేది.

బోర్డులో డాక్టరు నీకేం ఇబ్బంది అని అడిగాడట. కాక తిన్నగా నిలబడి చెప్పాడట: "మా బామ్మర్దితోని ఇబ్బంది ఉన్నది సార్. తిక్కోని లెక్క చెయ్యిమంటుండు. నాకు తిక్క లేదు. నేను ఫిట్."

కథ విన్నవాళ్లు అక్కడ నవ్వుతారు. ఆ తర్వాతిది ఎవరూ చెప్పరు. కొడుక్కు ఉద్యోగం రాలేదు. అతను చాలా ఏళ్లు తండ్రితో మాట్లాడలేదు. మంచిర్యాలలో టైర్ల పంక్చర్ షాపు పెట్టుకున్నాడు. చిన్నమ్మ కొన్నాళ్లు తిండి మాట తప్ప ఆయనతో ఇంకేమీ మాట్లాడలేదు. కాక మాత్రం మర్నాడు షిఫ్టుకు పోయాడు. పెద్దకర్మ రోజు ఆ కొడుకు తండ్రి అంగీలు మడతపెడుతుంటే చూశాను. ఒక్కటీ తిరగెయ్యకుండా, కుట్లు పైకే ఉంచి మడతపెట్టాడు.

ఎందుకట్లా చేశావని ఆయన్ని నేరుగా అడిగినది నేనొక్కదాన్నే కావచ్చు. అప్పటికి రిటైరయ్యాడు. వాకిట్లో కూర్చుని నైలాన్ తాడు ముక్కలను కలిపి పేనుతూ ఉండేవాడు. ఆ తాళ్లు ఎవరికీ అవసరం లేదు. ఆయన పక్కన, ఆయన చూసే వైపే చూస్తూ కూర్చోవడం నాకలవాటు. ఎదురుబదురుగా మేమెప్పుడూ కూర్చోలేదు. నా ప్రశ్నకు చాలాసేపు తాడు పేనాక అన్నాడు:

"వాళ్లంటె వాళ్ల మాట. నేనంటె నా మాటయితది."

నా సంగతికి వస్తాను. గనిలో పనిచేసే మా బాపు అన్‌ఫిట్ అయ్యాడు, నిజంగానే. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోతాడు. నేనొక్కదాన్నే సంతానం. నాకు ఉద్యోగం రావాలంటే నేను ఫిట్ కావాలి. ఆ ఉద్యోగం మీదే మా క్వార్టరు, మా వంట, బాపు మందులు. సరిగ్గా అప్పుడే మేనమామ కూతురి పెళ్లిలో డీజే పక్కన నేను కింద పడిపోయాను. అప్పటి నుంచి తగ్గని తలనొప్పికి మందు కోసం కరీంనగర్ పోతే, డాక్టరమ్మ మమ్మల్ని చాలాసార్లు పిలిపించి, నా చిన్నతనమంతా అమ్మను అడిగి, చివరికి ఆ మాట చెప్పింది. అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"గిది అన్‌ఫిట్ కిందికి వస్తదా అమ్మా?"

డాక్టరమ్మకు ప్రశ్న అర్థం కాలేదు. ఇది ఫిట్, అన్‌ఫిట్ సంగతి కాదని, మనిషి తీరే ఇంతని ఆవిడ ఎంత చెప్పినా అమ్మ చెవికెక్కలేదు. మా ఊళ్లో డాక్టరు నోటి నుంచి వచ్చే మాటలు రెండే. మూడోది ఉంటుందని అమ్మకెలా తెలుస్తుంది? ఇంటికి రాగానే తలుచుకోవడానికి కూడా వీల్లేదంది. బాపుకు కూడా తలనొప్పి అనే చెప్పింది.

నేను దొంగతనంగా చదవడం మొదలుపెట్టాను. పేపర్లో ఎప్పుడూ "ఆటిజంతో బాధపడుతున్న చిన్నారులు" అనే ఉంటుంది. పెద్దయ్యాక మేమంతా ఎటు పోతామో ఎవరూ రాయరు. కొందరు రుగ్మత అంటారు, కొందరు బుద్ధిమాంద్యం అంటారు, మరీ జాలిపడేవాళ్లు దేవుడి బిడ్డలంటారు. నేను బాధపడేది ఆటిజంతో కాదు. మిక్సీతో, డీజేతో, "కండ్లల్ల చూసి మాట్లాడు" అని గడ్డం పట్టుకుని తిప్పేవాళ్లతో బాధపడతాను. మాట్లాడాల్సిన మాట ముందు రోజే మనసులో రాసుకుని పోతే, అవతలివాళ్లు రాసుకోని ప్రశ్న అడిగినప్పుడు బాధపడతాను. ఎవరూ రాని మధ్యాహ్నం, పుస్తకం పట్టుకుని గోడకానుకుని కూర్చున్నప్పుడు నాకు ఏ బాధా లేదు. అప్పుడు కూడా నాకు ఆటిజం ఉంటుంది కదా.

మెడికల్‌కు రమ్మని పిలుపు వచ్చింది. ఏ రోగమూ లేదని చెప్పు, ఇంకేం మాట్లాడకు, ఎట్లాగూ మాట్లాడవు గదా అని అమ్మ చేతులు పట్టుకుంది. వెళ్లే ముందు సాయంత్రం కాక పక్కన కూర్చుని, వీధిలో పోయే మేకలను చూస్తూ, సంగతంతా చెప్పాను. పేరు చెప్పాను. నీకు కూడా అదే ఉందనుకుంటున్నాను కాకా అన్నాను. ఆయన తాడు పేనడం ఆపాడు.

"నొప్పి ఉంటదా?"

ఉండదన్నాను.

"తక్కువైతదా?"

"తక్కువ గాదు, ఎక్కువ గాదు. పుట్టినప్పటి సంది గట్లనే ఉంటదట."

"మన అసొంటోళ్లు ఇంకెవలన్న ఉన్నరా?"

చాలామంది ఉన్నారని, దేశదేశాల్లో ఉన్నారని, వాళ్లు రాసినవి చదివానని, అంగీ లేబుళ్లు కోసుకునేవాళ్లు కూడా ఉన్నారని చెప్పాను. మేకలు వెళ్లిపోయాయి. ఆయన భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. అన్నేళ్లూ ఆయన భుజాలు ఎంత ఎత్తి పెట్టుకుని ఉండేవాడో అవి దిగాకే నాకు తెలిసింది.

"నేనొక్కన్నే అనుకున్న," అన్నాడు.

బోర్డులో చెప్పాలా వద్దా అని అడిగాను. నాకు బతుకు సమస్య. ఆయనకు అది సమస్యలా తోచలేదు. అడిగితే చెప్పు, అడగకపోతే నువ్వెందుకు చెప్పుడు అన్నాడు. మళ్లీ తాడు అందుకున్నాడు.

అడిగారు. కళ్లు చూశారు, చెవులు చూశారు, బీపీ చూశారు. చివర్లో ఒక పెద్ద డాక్టరమ్మ, ఇంతకుముందు దేనికైనా చూపించుకున్నావా అంది. గది బయట అమ్మ ఉంది. తలుపు సందులోంచి ఆమె చెప్పుల కొసలు కనిపిస్తున్నాయి. లేదు అన్న మాట రెండక్షరాలు. నోటి చివర దాకా వచ్చింది. నేను టేబుల్ మీది పేపర్ వెయిట్‌ను చూస్తూ చెప్పాను. కరీంనగర్‌లో చూపించుకున్నానని, నాకు ఆటిజం ఉందని. ఆ మాట పైకి అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ పెన్ను ఆపింది. పనికి అడ్డమేంటో చెప్పమంది. గట్టి చప్పుళ్లు పడవని, మొఖం చూస్తూ మాట్లాడలేనని, పని ఒక్కొక్కటిగా చెప్తే పొల్లుపోకుండా చేస్తానని చెప్పాను. ఇవి మాత్రం ముందు రోజే రాసుకున్నాను. ఇంకో ఇద్దరు డాక్టర్లను పిలిచి మాట్లాడింది. వాళ్లు కూడా అడిగారు. నేను దాచి తెచ్చిన కరీంనగర్ కాగితాలు చూశారు. ఆ కాసేపు నాకు సైరన్ మోగాక ఉండే నిశ్శబ్దంలాగే ఉంది.

"డిగ్రీ చదివినవు, పని చేస్త అంటున్నవు. ఇంక అన్‌ఫిట్ ఎందుకైతవమ్మా? పో," అంది ఆవిడ.

బయటికొచ్చి అమ్మకు రెండూ కలిపే చెప్పాను, చెప్పానని, ఫిట్ అన్నారని. అమ్మ మొదటిది విని నా జబ్బ మీద ఒకటి వేసింది, రెండోది విని అక్కడే మెట్ల మీద కూర్చుంది. కాసేపటికి, గా మాట ఉన్నా ఫిట్టేనా అని మళ్లీ అడిగింది. ఫిట్టే అన్నాను. తిరుగు ప్రయాణంలో పక్కసీటు ఆమెకు తన బిడ్డ ఫిట్ అయిందని చెప్పింది. పెద్దపల్లి దాటాక, మా బిడ్డకు ఆటిజం ఉన్నదమ్మా అని కూడా తనే చెప్పింది. అప్పుడు మాత్రం నేను నవ్వు దాచుకోలేదు.

మేం వచ్చేసరికి కాక ఆయాసం ఎక్కువై మంచాన పడ్డాడు. దవాఖానకు పోనని మొండికేశాడు. చూడటానికి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ముందుగది ఇనుప తలుపు ప్రతిసారీ ధడేల్మంటోంది, ప్రతిసారీ ఆయన ముడుచుకుంటున్నాడు. మెల్లగ ఎయ్యిండ్రి అని ఒక్కొక్కరికీ చెప్తున్నాడు, వాళ్లు సరే అంటూనే ధడేలున వేసి పోతున్నారు. అందరూ పోయాక నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు, నేనూ గోడ వైపే చూశాను. అడిగిండ్రా అన్నాడు. అడిగారని, చెప్పానని, ఫిట్ అన్నారని చెప్పాను.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మొఖంలో ఏముందో నేను చదవలేదు, చదవాల్సిన పని పడలేదు. కాసేపటికి చెయ్యి ఎత్తి వాకిలి వైపు చూపించాడు.

"మంచిగైంది. నేను పండుకుంట, ఇగ నువ్వు పో. తలుపు మెల్లగ ఎయ్యిమని నీకు చెప్పే పనిలేదు."